చూడటం, సరిచూడటం

2022 మే 24న అమలాపురం అట్టుడికింది. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద రేగిన అల్లర్లతో జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ కట్టేశారు. పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఇంటి నుంచే కొలువు చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని గోదావరి గట్టుకు చేరారు, అవతలి ఒడ్డు సిగ్నలు కాస్తయినా అందుతుందని. వాళ్ల కష్టం అందరికీ అర్థమైంది. మరి పిల్లల సంగతి? నెట్ పోతే వాళ్లకు ఆగిపోయేది చదువా, చూడటమా?

అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. మంచిదే. కానీ పరికరం చేతికొస్తే చాలు, ఆధునిక విద్యార్థి తయారైనట్టే అన్న లెక్క మాత్రం మాకు మింగుడుపడదు.

1891లో పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రికి ఇంట్లో దొరికింది వేదం, సంస్కృతం. తెలుగులో రాయడమంటే ఆ ఇంట చిన్నతనం. ఆయన వింటేగా! గురువుల్ని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగాడు, ఇంట్లో ఒప్పుకోని విద్యను పట్టుబట్టి నేర్చాడు. ఇంగ్లీషు చదువు లేని ఆ మనిషి వితంతు వివాహాన్ని సమర్థిస్తూ కథలు రాశాడు. మా లెక్కలో ఆధునిక విద్యార్థి ఆయనే.

ఇప్పుడు గురువు కోసం ఊళ్లు తిరగనక్కర్లేదు. నిన్న మనం చూసినదాన్ని బట్టి ఇవాళ్టి గురువును ఫోనే ఎంచి పెడుతోంది. చిక్కంతా అక్కడే ఉంది.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర చూడండి. 2009 తరవాత వనామీ రకం రొయ్య వచ్చాక తాతల నాటి వరి అనుభవం అక్కరకు రాలేదు. రైతు యూట్యూబ్‌లో పడ్డాడు. రొయ్యలకొచ్చే తెల్లమచ్చ రోగానికి ఫలానా మందు చల్లమంటుంది ఒక వీడియో; చివర్లో ఆ మందు అమ్మేవాడి నంబరు. తెల్లమచ్చ వైరస్‌కు మందు లేదు, రాకుండా జాగ్రత్తపడటమే. గట్టి రైతు వీడియో ఆపేసి చెరువులోని మేత పళ్లెం, అదే చెక్ ట్రే, పైకి లాగుతాడు. మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు మెత్తబడిందా అని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు. తెల్లవారుజామున మీటరు ముంచి ఆక్సిజన్ ఎంతుందో చూసుకుని, ఏరేటర్ల సంగతి అప్పుడు తేలుస్తాడు. అనుమానం తీరకపోతే నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు పంపుతాడు. డిగ్రీలున్న మనం వాట్సాప్‌లో వచ్చిన చరిత్రను ఇందులో పదోవంతు పరీక్షయినా చేసి ముందుకు తోస్తున్నామా?

సరిచూసుకునే సదుపాయం లేక కాదు. నాళం కృష్ణారావు ఇరవయ్యేళ్లు నిండకుండానే 1898లో రాజమండ్రిలో వసురాయ గ్రంథాలయం పెట్టాడు. అదే తరవాత గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. పాత పుస్తకం ఒకటి చూడాలంటే అక్కడిదాకా వెళ్లాల్సిన రోజులవి. ఇవాళ బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం ఆంధ్రభారతి సైటులో ఉన్నాయి. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకు వేలు ఉచితంగా దొరుకుతున్నాయి. తెరిచేవాళ్లే తక్కువ.

సరిచూడటంతో పని అయిపోదు, దిద్దడం కూడా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మన పల్లెల్లో చాలావాటికి పేజీలున్నాయి. తెరిస్తే 2011 జనాభా లెక్కలు, సాగుభూమి ఎంత, బడి ఎంత దూరం... అక్కడితో సరి. ఊరి పొలాలకు నీళ్లు ఏ కాలువవో, 1986 వరద ఎక్కడిదాకా వచ్చిందో చాలా పేజీల్లో కనపడదు. చెప్పగల తాతయ్యలు ఇంకా ఉన్నారు. అయితే తాతయ్య మాట ఒక్కటే చాలదు. పాత పత్రికో గెజిటీరో ఆధారం చూపాలి. ఆ ఆధారం వెతికే పనిలో పిల్లవాడికి అబ్బేంత చదువు ఏ ట్యాబూ ఇవ్వదు.

అందుకే పాఠకులకు మా కోరిక: ఈ సెలవుల్లో మీ ఇంటి పిల్లల చేత మీ ఊరి పేజీ తెరిపించండి. తప్పుంటే ఆధారంతో దిద్దించండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా, ముందు జిల్లా పేరు సరిగా ఉందో లేదో చూడమనండి.