పట్టాభిషేకం కాని రాజు కప్పు

పాత పింగాణీ పోగుచేయడం నవాబుల సరదా అని చాలామంది అభిప్రాయం. హైదరాబాదు వెళ్ళి సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ డ్రెస్డెన్ బొమ్మలూ, సెవ్ర్ పాత్రలూ చూశాక, నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్లో కాపురం చేసేవాళ్ళకి యీ గొడవేమిటి అనిపించడం సహజం. కాని నేను చెప్పబోయేది ఆ జాతి సామాను కాదు. రాజుల పట్టాభిషేకాలకీ, జూబిలీలకీ ఇంగ్లండులో వేలకొద్దీ చేసి, బడిపిల్లలకి కూడా వూరికే పంచిపెట్టిన కప్పుల మాట. ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు తేదీ. అంతే.

వాటిమీది బొమ్మ కుంచెతో గీసింది కాదు, అచ్చు. రాగిరేకుమీద బొమ్మ చెక్కి, ఆ గాట్లలో రంగు నింపి, పలచని కాగితంమీదికి అచ్చు తీస్తారు. తడి ఆరకముందే ఆ కాగితాన్ని కప్పుకి అంటించి గట్టిగా రుద్దుతారు. నీళ్ళతో కడిగితే కాగితం పోయి రంగు మిగులుతుంది. 1756 జూలై 27న లివర్‌పూల్‌లో సాడ్లర్, గ్రీన్ అనే యిద్దరు ఆరు గంటల్లో 1200కి పైగా పింగాణీ పలకలమీద బొమ్మలు అచ్చువేశామని ప్రమాణపత్రం రాసిచ్చారు. కుంచె పట్టి పొట్టపోసుకునేవాళ్ళ గుండెలు గుభేలుమని వుంటాయి! గాజుపూత కింద నీలిరంగు అచ్చుని 1780ల్లో స్టోక్ వూళ్ళో జోసయా స్పోడ్ చక్కబెట్టాడు. నీలమే ఎందుకంటారా? పూత కరిగేటంత వేడికి చెదరకుండా నిలిచేది కోబాల్టు రంగు.

ఆ స్టోక్ ప్రాంతం మన బొగ్గుగనులకి వేలు విడిచిన చుట్టం. తెల్లమట్టి దొరికేది ఎక్కడో దక్షిణాన, కార్న్‌వాల్‌లో. మట్టికన్న బొగ్గు ఎన్నోరెట్లు ఖర్చవుతుంది గనక, మట్టినే బొగ్గున్న చోటికి మోసుకొచ్చారు. సీసా ఆకారపు ఆవాలు వందలకొద్దీ లేచాయి. 1956లో పొగను అరికట్టే చట్టం వచ్చాక అవి ఒక్కొక్కటే చల్లారాయి. అంత మసిలోంచి అంత తెల్లని కప్పు వచ్చిందంటే ఇంకెవరైనా నమ్మకపోవచ్చు గాని, మనం నమ్మగలం.

నాకు వీటిల్లో నచ్చేది రాజులు కాదు, తేదీలు. అచ్చు ముందు, సంబరం తరవాత. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకం 1902 జూన్ 26 అని కప్పులు తయారయ్యాయి. సరిగ్గా రెండురోజుల ముందు రాజుగారికి కడుపులో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది. అందుకే జూన్ తేదీవి ఎక్కువ, ఆగస్టువి తక్కువ. మన నిజాముగారికీ అలాంటిదే అయింది. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవం 1936లో రావలసింది, ఐదవ జార్జి మరణంవల్ల 1937 ఫిబ్రవరికి జరిగింది.

ఎనిమిదవ ఎడ్వర్డు కథ మరీ విడ్డూరం. 1937 మే 12 ముహూర్తమన్నారు, కప్పులు కాల్చారు. ఆయనేమో మనసుపడ్డ మనిషికోసం 1936 డిసెంబరులోనే గద్దె దిగిపోయాడు. అదే ముహూర్తానికి తమ్ముడు ఆరవ జార్జి కిరీటం పెట్టుకున్నాడు.

అలాంటి ఎడ్వర్డు కప్పొకటి మా వెనకవీధి అవ్వ దగ్గర వుంది. కొడుకు రిటైరై, క్వార్టరు ఖాళీచేయడానికి సామాను సర్దుతుంటే పట్టుకొచ్చింది. ఆమె తండ్రి బెల్లంపల్లిలో ఒక తెల్ల ఇంజనీరు బంగళాలో వంట చేసేవాడట.

“దొరసాని పోయేటప్పుడు మా అయ్య చేతుల పెట్టింది బిడ్డా. కొడుకేమో పాతసామానోనికి ఎయ్యమంటుండు. పట్నంల లక్షలొస్తయని మనవడంటుండు. ఏది నిజం?”

“రెండూ కాదవ్వా” అన్నాను.

పట్టాభిషేకమే జరగలేదు గనక యీ కప్పు అపురూపమని చాలామంది భ్రమ. రాజు దిగిపోయేసరికే బోలెడు తయారై వున్నాయి. పైగా దీనికి అంచున పెచ్చు వూడింది. అవ్వ కాసేపు మాట్లాడలేదు. మనవడి కాలేజీ ఫీజు ఆమె మనసులో వుందని తరవాత తెలిసింది. తండ్రి పేరు, బంగళా, దొర పేరు, ఏ ఏడు వెళ్ళిపోయారు, అన్నీ అడిగాను. ఆమె తరవాత ఆ సంగతులు చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. చెప్పింది చెప్పినట్టు కాగితంమీద రాసి, మడిచి కప్పులో పెట్టాను. అమ్మదలచుకున్నా ఆ కాగితంతో సహా అమ్మమన్నాను. కొనేవాడికి కాగితం వున్న కప్పు వేరు, లేని కప్పు వేరు.

మీ ఇంట్లో అటకమీద ఇలాంటివి వుంటే తిరగేసి అడుగున చూడండి. వజ్రం ఆకారపు ముద్ర వుంటే 1842–1883 మధ్యది. ఇంగ్లండు పేరు వుంటే, అమెరికావాళ్ళ సుంకం చట్టంవల్ల, సాధారణంగా 1891 తరవాతది. బొమ్మ ఒకచోట తెగి అతికినట్టు కనిపిస్తే కంగారుపడకండి. కాగితం అంచులు కలిసిన చోటు అది, అచ్చుపని అనడానికి ఆనవాలు. తోమడానికి చింతపండూ, పీచూ వద్దు. పాత గాజుపూతల్లో సీసం వుంటుంది, పిల్లలకి పాలు పోసి ఇవ్వకండి.

అవ్వ ఆ కప్పులో తాళంచెవులు వేసుకుంటోందిట. కాగితం అడుగునే వుంది.