సైకిలుండగా వీపు మీద మోత ఎందుకు?

ఆడపిల్లకు సైకిలు కొనిచ్చే ఇళ్ళు మన పల్లెల్లో ఇప్పుడు చాలానే ఉన్నాయి. సంతోషించవలసిన విషయమే. కొనేటప్పుడు రంగు చూస్తాం, బెల్లు మోగించి చూస్తాం, ముందు బుట్ట ఉందో లేదో చూస్తాం. పుస్తకాల సంచి ఎక్కడ పెట్టుకుంటుందని మాత్రం ఎవరమూ అడగం. ఎవరైనా అడిగినా, "ఏముంది, భుజానేసుకుంటది" అనేస్తాం. అసలు ఇబ్బంది ఆ చిన్న మాట దగ్గరే మొదలవుతోంది.

2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ తరువాత జనగామ జిల్లాలోకి వచ్చిన కొడకండ్ల మండలాన్నే తీసుకోండి. మొండ్రాయి, ఏడునూతుల, రామవరం వంటి ఊళ్ళు, వాటి చుట్టూ చిన్న చిన్న తండాలు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. "బస్సు ఉత్తదే గదా బిడ్డా, ఇంక సైకిలెందుకు?" అనే తల్లులూ ఉంటారు. కానీ బస్సు రోడ్డు మీదికే వస్తుంది, తండాలోకి రాదు. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యేదాకా ఆగదు. ఇంటి నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి బడికి ఉన్న దూరం ఉండనే ఉంది. ఆ దూరాన్ని ఎవరి దయా లేకుండా దాటించేది సైకిలే.

సైకిలుకూ ఆడపిల్ల చదువుకూ ఉన్న సంబంధం ఊహించి చెబుతున్నది కాదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళివ్వడం మొదలుపెట్టారు. దానిమీద కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశోధన చేసి, హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని తేల్చారు. బడి దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఈ ఫలితం ఎక్కువగా కనిపించింది. అంతకు ముందే, 1990ల తొలినాళ్ళలో, తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేలాది మంది పల్లె మహిళలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని ప్రోత్సహించారు. చదువూ, చక్రమూ కలిసే నడిచాయి.

మరి సైకిలు ఇంటికొస్తే పని అయిపోయినట్టేనా? కాదు. పిల్ల దాన్ని రోజూ తొక్కగలగాలి. మెడ నొప్పి, చెమటకు వీపున అంటుకుపోయే జాకెట్టు, వానకు తడిసిన పుస్తకాలు, మూల మలుపులో ఓ పక్కకు ఒరిగి పడటం... ఇలాంటివి నాలుగు కలిస్తే సైకిలు గోడకు చేరుతుంది. ఆ తరువాత "దూరమైతంది, చదువు చాలు" అన్న మాట రావడానికి ఎంతోసేపు పట్టదు.

బడి సంచి బరువు మీద మన దేశంలో చర్చ కొత్తదేమీ కాదు. 1989లో రచయిత ఆర్.కె.నారాయణ్ రాజ్యసభలో దీనిమీదే మాట్లాడారు. 1993లో యశ్‌పాల్ కమిటీ నివేదిక ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో తరగతుల వారీగా హద్దు పెట్టింది. ఎనిమిది, తొమ్మిది తరగతులకు నాలుగున్నర కిలోలు, పదో తరగతికి అయిదు కిలోలు. 2020లో కేంద్రం తెచ్చిన విధానమైతే పిల్ల బరువులో పదో వంతు మించకూడదంది. నలభై కిలోల పిల్లకు నాలుగు కిలోలన్న మాట. లీటరు నీళ్ళ సీసా ఒక్కటే కిలో తూగుతుంది. టిఫిను డబ్బా, గైడ్లు, రికార్డు పుస్తకాలు కలిపి ఒకసారి ఇంట్లో కాటా మీద పెట్టి చూడండి. మీకే తెలుస్తుంది.

నడిచే పిల్ల మీది బరువుకూ, సైకిలు తొక్కే పిల్ల మీది బరువుకూ తేడా ఉంది. సైకిలు మీద ముందుకు వంగి కూర్చుంటాం. సంచి లాగుతుంటే తల ఎత్తి రోడ్డు చూడాలి, మెడ పట్టేస్తుంది. బరువు ఎత్తులో ఉంటుంది కనుక గుంతలో పడ్డప్పుడు నిలదొక్కుకోవడం కష్టం. సరే, ఇంకో దారి చూద్దామని హ్యాండిలుకు తగిలించుకునే పిల్లలూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. సంచి ఊగితే హ్యాండిలు తిరుగుతుంది, ముందు చక్రంలో ఇరుక్కుంటే పిల్ల ఎగిరి పడుతుంది. ముందు బుట్ట కూడా తేలిక వస్తువులకే.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. ఎద్దు వీపుకు రెండు పక్కలా సమంగా వేలాడే పెరికలు, భుజాన కావడి, రెండూ బరువును పంచి కిందికి దించే ఉపాయాలే. ఈ రోజుకీ పాలాయన క్యాన్లను కొక్కేలతో క్యారియరుకు అటూ ఇటూ తగిలిస్తాడు. వాటిని వీపున కట్టుకుని సైకిలు తొక్కే పాలాయన్ను ఎవరైనా చూశారా? మరి మన పిల్లలే ఎందుకు మోస్తున్నారు?

విదేశాల్లో సైకిలు మీద ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు ఇదే కొక్కేల పద్ధతిలో ఒక సంచి వాడతారు. సైకిలు మీద ఉన్నంతసేపు క్యారియరు పక్కన వేలాడుతుంది. దిగాక భుజాలకు తగిలించుకుంటే మామూలు బడి సంచే. అలాంటివి మన దగ్గరా అమ్ముతున్నారు. కొన్నా, కుట్టించుకున్నా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది కొక్కేలు. పైన రెండుండాలి, మీ క్యారియరు కడ్డీ మందానికి సరిగ్గా సరిపోవాలి. వదులుగా ఉంటే గుంతల్లో సంచి ఎగిరి ఊడిపోతుంది. అడుగున ఇంకో పట్టు కావాలి, లేకపోతే సంచి ఊగుతుంది. ఆ పట్టుకు ట్యూబు ముక్క చాలు, పంక్చరు షాపులో అడిగితే ఇస్తారు.

రెండోది వీపు వైపు. కొక్కేలున్న ముఖమే వీపుకు ఆనితే అవి గుచ్చుకుంటాయి. చక్రం చిమ్మిన బురద కూడా ఆ ముఖానికే పడి, చివరికి యూనిఫారానికి అంటుతుంది. అందుకని భుజం పట్టీలు కొక్కేలకు ఎదురు ముఖాన ఉండటం మేలు. లేదా కొక్కేల మీద మడిచి మూసే బట్టయినా ఉండాలి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. సైకిలుకు తగిలించినప్పుడు భుజం పట్టీలు వేలాడకూడదు. వాటిని దోపి మూసే అర ఉండి తీరాలి. పట్టీ చువ్వల్లో పడితే చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. చున్నీకీ ఇదే జాగ్రత్త. చక్రానికి బట్ట తగలకుండా గార్డు లేకపోతే ముందు అది వేయించండి.

నాలుగోది మడమ. పిల్లను కూర్చోబెట్టి పెడలు తిప్పించి చూడండి. మడమ సంచికి తగులుతుంటే దాన్ని వెనక్కి జరపాలి. అందుకే ముందు వైపు కింది మూలను ఏటవాలుగా కుట్టిస్తే మంచిది. చక్రం వైపు గట్టి ప్లాస్టిక్ పలక పెట్టాలి. పాత డబ్బా కోసినా సరిపోతుంది. అది లేకపోతే పుస్తకాల బరువుకు బట్ట లోపలికి వంగి చువ్వలకు రాసుకుంటుంది.

ఏ పక్కన తగిలించాలని అడగవచ్చు. ఒక్కటే సంచి అయితే కుడి పక్కన. మనం ఎడమ వైపు నుంచే ఎక్కుతాం, ఎడమ పక్కనే నడిపించుకుంటూ పోతాం కనుక కాలికి అడ్డం రాదు. దాటిపోయే లారీకీ, బస్సుకూ ముందు కనిపించేది కుడి పక్కే. సంచి మీద రేడియం స్టిక్కరు రెండు గీతలు అంటించండి. అయితే ఒక పక్కే బరువుంటే స్టాండు వేసినప్పుడు సైకిలు ఒరిగే వీలుంది. రెండు కాళ్ళ స్టాండు ఉంటే నయం.

ఇక వాన. జిప్పు కుట్టులోంచి నీళ్ళు దిగుతాయి. మూతిని మూడు మడతలు చుట్టి బిగించే రకం మేలు. లోపల ఓ ప్లాస్టిక్ కవరు వేస్తే ఇంకా మంచిది. ఒక చిన్న అర, పైకి కనిపించకుండా, ప్యాడ్ల కోసం పెట్టించండి. "ఆ నాలుగు రోజులు" బడి మానే పిల్లకు ఆ అర ఎంత ధైర్యమో తల్లులకు వేరే చెప్పాలా?

కంపెనీ సంచుల్లో వేలు పలికేవి ఉన్నాయి. అవే కావాలని లేదు. రెక్సిను, పాత టెంటు గుడ్డ, పాల క్యాను కొక్కేలు, మంచి కుట్టుపని తెలిసిన చెయ్యి ఉంటే చాలు. 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు. ఆ మిషన్ల మీదే ఈ సంచులూ కుట్టవచ్చు. కొడకండ్ల నేతపని తెలిసిన ఊరు. బతుకుదెరువు కోసం ఇక్కడి నుంచి భివండీ, సూరత్ దాకా పోయిన కుటుంబాలున్నాయి. బట్ట మీద అంత చెయ్యి తిరిగిన చోట బడిపిల్ల సంచి కోసం పట్నం వైపు చూడటం దేనికి? సంఘం సమావేశంలో ఒకరు ఈ మాట కదిపి, ఒక్క సంచి కుట్టి, ఒక పిల్లతో నెల రోజులు తొక్కించి చూస్తే లోపాలు వాటంతటవే బయటపడతాయి. సరిదిద్దుకుని తరువాత పది కుట్టుకోవచ్చు.

అసలు అడ్డు డబ్బు కాదేమో అనిపిస్తుంది. కొడుక్కి బైకు కొంటే సీటు కవరు, సైడు బాక్సు అడిగి మరీ పెట్టిస్తాం. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి "మోస్తది లే" అంటాం. నీళ్ళ బిందె, కట్టెల మోపు, గడ్డి మోపు మోసిన అమ్మలం కదా, మోత ఆడదానికి సహజమని మనకే అలవాటైపోయింది. మనం మోశామని మన బిడ్డ కూడా మోయాలన్న నియమం ఎక్కడా లేదు.

ఈ ఆదివారం మీ అమ్మాయి సంచిని కాటా మీద పెట్టండి. అక్కరలేని పుస్తకాలు తీయించండి. మిగిలిన బరువును సైకిలుకు ఎలా తగిలించాలో ఆమెతోనే కూర్చుని ఆలోచించండి. రోజూ తొక్కేది ఆమే కనుక ఆమె మాటే ముందు వినండి.