ఊరికీ పట్నానికీ మధ్య గీత

జనాభా లెక్కలు మళ్ళీ వస్తున్నాయి. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు. 2027 మార్చి 1ని ఆధార తేదీగా తీసుకుని జరిపే జనగణనకు 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. కులాల లెక్క మీద పత్రికల్లో చాలా చర్చ జరిగింది. జరగాల్సిందే. కానీ ఈ అంకెల నుంచే తేలే మరో విషయం గురించి మహిళా సంఘాల్లో కూడా పెద్దగా మాట్లాడుకోవడం లేదు. అది ఏది ఊరు, ఏది పట్నం అన్న హద్దు.

మునిసిపాలిటీలు, కార్పొరేషన్లు, కంటోన్మెంట్లు చట్టప్రకారం పట్టణాలు. వాటి బయట, పంచాయతీ కింద ఉన్న గ్రామాన్ని కూడా జనగణన శాఖ మూడు కొలతలతో పరీక్షించి పట్టణంగా లెక్కిస్తుంది. జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని ఉన్న పురుషుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఇలాంటి 'సెన్సస్ టౌన్లు' 2001లో 1,362 ఉంటే 2011 నాటికి 3,894 అయ్యాయి. 2027 లెక్కకూ ఇదే నిర్వచనం కొనసాగుతుందని 2025లో ప్రకటించారు.

మూడో కొలత మళ్ళీ చదవండి. పురుషుల్లో 75 శాతం! స్త్రీలు ఏం పని చేస్తున్నారో ఈ కొలతకు అక్కర్లేదు. స్త్రీల పని సరిగా నమోదు కాదు కాబట్టి వదిలేశామని ఎవరైనా అనవచ్చు. నమోదు సరిగా లేకపోతే సరిచేయాలి గాని, సగం మందిని కొలత నుంచే తీసేస్తారా?

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల ఊళ్ళు చూడండి. మగవాళ్ళలో చాలామంది గల్ఫ్‌కు వెళ్ళారు. ఉన్నవాళ్ళలో చాలామంది పొలం పనుల్లో ఉన్నారు. ఆడవాళ్ళు పొద్దంతా బీడీలు చుడతారు. ఆ ఊరి ఇళ్ళు గడిచేది వ్యవసాయేతర కూలి మీదే అయినా ఈ కొలతకు అది కనపడదు. నగరాల శివార్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఫ్యాక్టరీ కార్మికులుగా, మేస్త్రీలుగా పట్నం పనికి పోతారు. ఆడవాళ్ళు ఇంకా కూరగాయల మళ్ళల్లోనే ఉంటారు. ఆ ఊరు మాత్రం లెక్కల్లో పట్నమైపోతుంది.

అయితే ఏమిటి అనుకోవద్దు. 2011 ఇళ్ళ లెక్కలో మంచినీళ్ళు 'దూరం' అనడానికి పట్టణంలో 100 మీటర్లు దాటితే చాలు, గ్రామంలో మాత్రం 500 మీటర్లు దాటాలి. అంటే 300 మీటర్లు బిందె మోసే స్త్రీ కష్టం పట్టణంలో ఒక సమస్యగా నమోదవుతుంది, ఊళ్ళో నీళ్ళు 'దగ్గరలో' ఉన్నట్టే రాస్తారు. 2011లో మురికివాడల లెక్క చట్టబద్ధ పట్టణాల్లోనే తీశారు. సెన్సస్ టౌన్‌లో ఎంత ఇరుకు బస్తీ ఉన్నా అది ఆ లెక్కలోకి రాలేదు. సెన్సస్ టౌన్‌కు పేరులో పట్నం ఉంది గాని డ్రైనేజీకి, వీధి దీపాలకు పంచాయతీ నిధులే దిక్కు.

అలాగని ప్రతి ఊరినీ మునిసిపాలిటీలో కలిపేయమని మేము అనడం లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాలకే పరిమితమైంది. పంచాయతీ విలీనమైన చోట జాబ్‌కార్డు చెల్లకుండా పోయింది. దేశంలో ఆ పథకం పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవేనని గుర్తుంచుకుంటే ఈ దెబ్బ ఎవరికి తగిలిందో తెలుస్తుంది.

ఇతర దేశాల కొలతలు వేరుగా ఉన్నాయి. అమెరికా 2020 లెక్కల తర్వాత పట్టణ హద్దులు గీయడానికి చదరపు మైలుకు 425 ఇళ్ళ సాంద్రతను మొదటి కొలతగా తీసుకుంది. ఇళ్ళను లెక్కపెడితే స్త్రీ పురుష భేదం రాదు. కానీ ఒక్క గదిలో ఎనిమిది మంది కాపురమున్న ఇల్లూ, తాళం వేసిన అపార్ట్‌మెంటూ అక్కడ ఒకటే అవుతాయి. ఇళ్ళూ, మనుషులూ, వాళ్ళ పనీ మూడూ చూడాలి. పని అంటే అందరి పనీ.

మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. మూడో కొలతలోని 'పురుషులు' అన్న షరతు తొలగించి పనిచేసే వాళ్ళందరినీ లెక్కించాలి. మురికివాడల లెక్క సెన్సస్ టౌన్లకూ విస్తరించాలి. గణన బ్లాకుల హద్దులు, పటాలు ప్రజలకు అందుబాటులో ఉంచాలి. విలీనానికి ముందు గ్రామసభలో స్త్రీల మాట వినాలి.

మనం చేయాల్సిన పనీ ఉంది. లెక్కలవాళ్ళు వచ్చి "ఆమె ఏం చేస్తుంది?" అని అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే" అని మగవాళ్ళూ చెబుతారు, చాలాసార్లు మనమూ చెబుతాం. బీడీలు, కుట్టుపని, పాలు, పొలం పని, ఏడాదిలో ఎన్ని నెలలు చేశామో సహా చెప్పి రాయించుకోవాలి. ప్రతి సంఘమూ తన బస్తీలో, తన ఊళ్ళో ఇందుకోసం ముందుగానే సమావేశాలు పెట్టుకోవాలి. కొలత మార్చమని అడిగే రోజున మన చేతిలో అంకెలుండాలి.