ఎవరి లెక్క వారిది

రొమ్ముక్యాన్సరు తల్లివైపు నుండియే వచ్చునను నమ్మకము మనలో బలముగా నున్నది. ఇది సగము సత్యము మాత్రమే. 1994లో గుర్తింపబడిన బీఆర్‌సీఏ 1, 1995లో గుర్తింపబడిన బీఆర్‌సీఏ 2 అను జన్యువులలో హానికరమైన మార్పు తల్లియందున్నను, తండ్రియందున్నను, ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు నూటికి 50 పాళ్ల యవకాశము గలదు. తండ్రి తాను ఆరోగ్యవంతుడై యుండియు దానిని కుమార్తెకు ఇయ్యగలడు.

అట్టి మార్పు గల స్త్రీలలో ఎందఱికి వ్యాధి సంభవించును? పదివేలకు చేరువైన స్త్రీలను పరిశీలించి 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనము ప్రకారము, 80వ యేడు వచ్చునప్పటికి రొమ్ముక్యాన్సరు మొదటి జన్యుదోషము గలవారిలో నూటికి 72 మందికిని, రెండవది గలవారిలో 69 మందికిని రాగలదు. అండాశయపు క్యాన్సరు విషయమున ఈ సంఖ్యలు 44, 17. వీనిని విన్న యువతి తనకదియే విధివ్రాత యని తలంచుట సహజము. కాని సగటు వేఱు, వ్యక్తి వేఱు. దగ్గఱి బంధువులలో వ్యాధిగ్రస్తులు ఎక్కువైన కొలదియు అపాయము పెరుగుననియు, జన్యువునందు మార్పు ఏ స్థానమున నున్నదను దానినిబట్టియు నది భేదించుననియు ఆ పరిశోధనమే తెల్పినది.

ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు నిర్మించిన ‘క్యాన్‌రిస్క్’ అను గణనసాధనము ఈ భేదములను లెక్కకు దెచ్చుచున్నది. కుటుంబచరిత్ర, జన్యుపరీక్షా ఫలము, ఒక్కొక్కటి స్వల్పప్రభావము గల వందలకొలది యితర జన్యుభేదములు, రొమ్ము సాంద్రత, కాన్పులు, దేహభారము మున్నగువానిని కలిపి ఆ స్త్రీకే చెందిన యంచనాను అది చెప్పును. ఒకే జన్యుదోషము గల యక్కచెల్లెండ్రకు సైతము వేర్వేఱు అంకెలు రావచ్చును.

ఇది గణితవినోదము కాదు. అండాశయములను ముందుగనే తొలగించుకొనుమని వైద్యులు బీఆర్‌సీఏ 1 మార్పు గలవారికి 35–40 ఏండ్ల నడుమను, బీఆర్‌సీఏ 2 మార్పు గలవారికి 40–45 ఏండ్ల నడుమను సాధారణముగా సూచింతురు. ఆపైన సహజముగా గర్భము దాల్చుట సాధ్యము కాదు. ముట్లుడుగుట ముందే వచ్చును. రొమ్ములను తొలగించుకొనవలెనా, ఏటేట ఎం.ఆర్.ఐ. పరీక్షలతో కనిపెట్టుకొని యుండవలెనా, శస్త్రచికిత్సకు ముందు బిడ్డలను కనుటకు ఎంత వ్యవధి గలదు? ఈ ప్రశ్నలకు సగటు అంకె చాలదు.

అయినను రెండు లోపములను గమనింపవలయును. ఆ చిన్న జన్యుభేదముల లెక్క ప్రధానముగా ఐరోపా సంతతి స్త్రీలనుండి తీయబడినది. ఇతరులయందు దాని నిర్దుష్టత తగ్గుచున్నది. పరుల తూనికరాళ్లతో మన స్త్రీల యపాయమును తూచి, దానినే పరమసత్యమని వారి చేతికిచ్చుట న్యాయము కాదు. శాస్త్రమును త్రోసిపుచ్చుమని మేము చెప్పుటలేదు. మన ఆసుపత్రులును విశ్వవిద్యాలయములును మన కుటుంబముల సమాచారముతో ఆ రాళ్లను సరిచూడవలయునని కోరుచున్నాము.

రెండవ లోపము మనదే. ఏ పొలము ఏ తాతనుండి వచ్చినదో సర్వే నంబరుతో సహా చెప్పగల గృహస్థుడు, తన మేనత్త ఏ వ్యాధితో, ఏ వయస్సున మరణించెనో చెప్పజాలడు. పెండ్లియై యింటిపేరు మాఱిన యాడుబిడ్డ వంశవృక్షమునుండియే రాలిపోవుచున్నది. జన్యువునకు ఇంటిపేరుతో పనిలేదు. పైగా కుమార్తెల సంబంధములు తప్పిపోవునను భయమున వ్యాధి పేరునే దాచువారు గలరు. దాచిన చరిత్రతో వేసిన లెక్క మిథ్యాధైర్యమునే యిచ్చును.

కావున ప్రతి గృహస్థుడును ఇరువైపుల బంధువులకు వచ్చిన వ్యాధిని, వచ్చిన వయస్సును వ్రాసియుంచవలయును. జన్యుపరీక్ష జరుగు ప్రతిచోటను అంకె యొక్క యర్థమును, దానియందలి యనిశ్చయమును మాతృభాషలో విప్పిచెప్పు సలహాదారుండవలయును. అది విన్న పిమ్మట నిర్ణయము భర్తది కాదు, అత్తమామలది కాదు, వైద్యునిది సైతము కాదు, ఆ స్త్రీది. ఆమెకా స్వాతంత్ర్యమును, దానికి వలసిన సత్యమును సమకూర్చుట మనయందఱి విధియని మేము విన్నవించుచున్నాము.