‘వా’నా, ‘వాంగ’నా? ధర్మపురి బడుల్లో మర్యాద ఎవరి వంతు?

ధర్మపురి జిల్లాలో పంచాయతీ యూనియన్ మిడిల్ స్కూలు అంటే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా. అందులో ఆరు, ఏడు, ఎనిమిది చదివే పిల్లలకు పదకొండు నుంచి పదమూడేళ్లు ఉంటాయి. ఇంట్లో విన్న మాటను బడిలో విసిరి, ఎవరికి ఎలా తగిలిందో చూసే వయసు అది. బూతులు వస్తాయి, సినిమా డైలాగులు వస్తాయి. వాటి గురించి ఏ టీచరును కదిపినా అరగంట చెబుతారు. మేము రాయదలచుకున్నది వాటి గురించి కాదు. ఎవరూ బూతుగా లెక్కపెట్టని మాటల గురించి.

తమిళంలో ‘వా’ అంటే రా, ‘వాంగ’ అంటే రండి. తేడా చివరి ‘ంగ’ ఒక్కటే. టీచరుకు ‘వాంగ’, హెడ్మాస్టరుకు ‘వాంగ’, జెండా పండుగకు వచ్చే వార్డు మెంబరుకూ ‘వాంగ’. మరుగుదొడ్లు కడిగే యాభై ఏళ్ల అమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వా, పో’. తన నాయనమ్మ వయసు మనిషిని ఆరో తరగతి పిల్లవాడు అలా పిలుస్తాడు. అన్ని బడులూ ఇంతే అని మేము అనడం లేదు. కానీ ఈ పిలుపు ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. పిల్లవాడికి దాన్ని పాఠంలా ఎవరూ చెప్పలేదు, గుమ్మంలో నిలబడి తాత పిలిచే తీరు విన్నాడు, అంతే.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. చాలాచోట్ల ఆ అమ్మ అరుంధతియర్ సమాజానికి చెందిన మనిషి. తమిళనాడు పశ్చిమ జిల్లాల్లో ఆ సమాజంలో చాలామంది ఇంటి భాష తెలుగు. అంటే ఆమె కూడా మనలాగే భాషా మైనారిటీ. మన సంఘాల సభల్లో ‘మన తెలుగువాళ్లు’ అన్నప్పుడు ఆమె ఎంతమందికి గుర్తుకొస్తుందో చదువరులే చెప్పాలి.

మన ఫిర్యాదు మనకు ఉంది, అది నిజమైన ఫిర్యాదే. తెలుగు ఇళ్ల పిల్లలను బడిలో ‘గొల్టి’ అంటారు. ‘తెలుగు’ మాటను తిప్పి పలికి చేసిన వెక్కిరింత అది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతిలో మొదలైన తప్పనిసరి తమిళం 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మధ్య నలిగే పిల్లవాడి ఉచ్చారణ కాస్త జారితే చాలు, తరగతంతా నవ్వుతుంది. 2024 నవంబరులో తెలుగువారిపై చేసిన వ్యాఖ్యలకు ఒక సినీ నటి మీద కేసులు పెట్టారు. ఆమె ఆ మాటలను వెనక్కి తీసుకున్నా అరెస్టు తప్పలేదు. అప్పుడు మనలో చాలామంది గట్టిగా మాట్లాడాము, మాట్లాడాల్సిందే. అదే నోటితో ఇంట్లో ‘అరవ గోల’, ‘అరవ చాకిరీ’ అంటాం. పక్క వీధి తెలుగు మనిషి ప్రస్తావన వస్తే ఆయన కులం పేరునే తిట్టుగా వాడతాం. పిల్లలు రెండూ వింటారు.

మాటల దగ్గర మొదలైంది మాటల దగ్గరే ఆగుతుందనుకుంటే నాంగునేరి గుర్తు చేసుకోవాలి. 2023 ఆగస్టు 9న తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి చదివే దళిత విద్యార్థిని, అడ్డుపడిన అతని చెల్లెలిని ఇంట్లోకి చొరబడి కొడవళ్లతో నరికారు. నరికినవాళ్లు బయటి రౌడీలు కారు, అదే బడి విద్యార్థులు. కులం పేరుతో వేధిస్తున్నారని ఆ అబ్బాయి బడిలో ఫిర్యాదు చేసిన తర్వాత జరిగింది ఇది. చేతికి రంగు దారం, నుదుట ఫలానా బొట్టు చూసి ఎవరు ఏ కులమో పిల్లలే తేల్చుకునే బడుల సంగతి అప్పుడు రాష్ట్రమంతా చర్చకు వచ్చింది.

దాని తర్వాత ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి కె.చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. ‘జై భీమ్’లో సూర్య వేసిన లాయరు పాత్రకు మూలం ఆయనే. 2024 జూన్ 18న ఆయన ఇచ్చిన నివేదికలో చేతి దారాల నిషేధం గురించి పత్రికలు చాలా రాశాయి, రాజకీయ పార్టీలు దాని మీదే పోట్లాడుకున్నాయి. మాకు అంతకంటే ముఖ్యంగా కనిపించినవి పెద్దల మీద పెట్టిన షరతులు. టీచరు విద్యార్థిని కులం పేరుతో నేరుగా గానీ చాటుగా గానీ పిలవకూడదు. హాజరు పట్టీలో కులం కనిపించకూడదు. స్కాలర్‌షిప్ సంగతి తరగతిలో అందరి ముందు పిలిచి చెప్పకూడదు. పిల్లలను అక్షర క్రమంలో కూర్చోబెట్టాలి. బడి పేరులో కులం ఉంటే తీసేయాలి. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ‘అరనెరి’ పేరుతో పాఠాలు ఉండాలి.

స్కాలర్‌షిప్ మాట చిన్నదిగా కనిపిస్తుంది. కానీ బడి చదువు చదివిన ఎవరికైనా ఆ దృశ్యం తెలుసు. క్లర్కు తలుపు దగ్గర నిలబడి ‘ఎస్సీ పిల్లలందరూ లేవండి’ అంటాడు. ఆయనకు అది ఆఫీసు పని, అరనిమిషంలో అయిపోతుంది. లేచినవాళ్ల పేర్లు మిగతా నలభై మంది మనసులో ఏడాదంతా ఉంటాయి. ఆ పూట దాకా ఎవరు ఏమిటో తెలియని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. మర్నాడు గ్రౌండులో వినపడే మాట ఆ తలుపు దగ్గర పుట్టిందే. ఆ మాట అన్న పిల్లవాడిని మోకాళ్ల మీద నిలబెడతారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. అందరి ముందు కులం చెప్పి లేపడం ఆ రెండో దాని కిందకు ఎందుకు రాదని ఎవరూ అడగరు.

ధర్మపురికి ఈ చర్చ పరాయిది కాదు. 2012 నవంబరు 7న ఒక కులాంతర వివాహం పేరుతో నాయక్కన్‌కొట్టాయ్ దగ్గర నత్తం కాలనీ, అణ్ణానగర్, కొండంపట్టి దళితవాడల మీద పడి రెండు వందలకు పైగా ఇళ్లు తగలబెట్టారు. ఆనాడు ఏడో తరగతిలో ఉన్న పిల్లలు, కాలినవైపు వాళ్లూ కాల్చినవైపు వాళ్లూ, ఇప్పుడు పాతికేళ్లు నిండినవారు. ఇంకొన్నేళ్లలో వాళ్ల పిల్లలు ఇవే బడుల్లో చేరతారు.

పై పేర్లలో ‘కాలనీ’ మాట చూడండి. హైదరాబాదులో కాలనీ అంటే ఉద్యోగుల ఇళ్లు. ఇక్కడ ‘కాలనీ పిల్లవాడు’ అంటే దళితుడని అర్థం, అన్న గొంతును బట్టి అది తిట్టు. 2025 ఏప్రిల్ 29న ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో, ఈ మాట అంటరానితనపు తిట్టుగా మారింది కాబట్టి ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసేస్తామని ప్రకటించారు. మంచి పని. కాగితం మీద మాట పోయినంత మాత్రాన నోట్లోంచి పోదని పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. వారి అనుమానం సబబే, అయినా మేము వారితో ఏకీభవించం. బస్సు బోర్డు మీద, రేషన్ కార్డు మీద సర్కారే రాసిన మాటను పిల్లవాడు అనకూడదని టీచరు ఏ మొహంతో చెబుతుంది?

ఇటు ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2024 నవంబరులో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. పెద్దల మాట వినే పిల్లలు తయారైతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ పెద్దలను గౌరవించమని చెప్పే ప్రతి పాఠానికీ ధర్మపురిలో ఒక చిక్కు ఎదురవుతుంది. మరుగుదొడ్డి కడిగే ఆ అమ్మ పెద్దల్లోకి వస్తుందా, రాదా? దీనికి జవాబు ఉపన్యాసంలో దొరకదు. హెడ్మాస్టరు ఆమెను ఎలా పిలుస్తారో పిల్లలు రోజూ వింటున్నారు.

అరుంధతియర్లకు ఎస్సీ కోటాలో 3 శాతం ఉప కోటా 2009లో వచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణను సమర్థించింది. ఆ తీర్పు వల్ల ఆ అమ్మ కూతురు ఇంజినీరింగు సీటు తెచ్చుకోవచ్చు. అయితే ముందు ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి దాటాలి. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువగా, 68.54 శాతం నమోదైన జిల్లా ధర్మపురి. వెక్కిరింపు పడలేక బడి మానేసిన పిల్లకు రిజిస్టరులో ‘ఇంటి పనుల వల్ల’ అని రాస్తే, ఆ కారణం ఏ లెక్కలోనూ తేలదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి నిర్వహణ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు. బలహీన వర్గాల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు ఇవ్వాలి. మన తెలుగు తల్లిదండ్రులు ఈ కమిటీ సమావేశాలకు వెళ్లేది గోడకు సున్నం గురించో, నీళ్ల ట్యాంకు గురించో మాట్లాడటానికి. ఈసారి వెళ్లినప్పుడు హాజరు పట్టీ తెప్పించి అందులో కులం ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. స్కాలర్‌షిప్ పిల్లలను ఎక్కడికి పిలిచి చెబుతున్నారో అడగండి. శుభ్రం చేసే అమ్మ పేరు ఏమిటో కూడా అడగండి. సమావేశం ముందు గది ఊడ్చింది ఆమే కాబట్టి దగ్గర్లోనే ఉంటుంది. ఆమె పిల్లలు అదే బడిలో చదువుతుంటే కమిటీలో కూర్చునే హక్కు ఆమెకూ ఉంది.