సీటు చూపించారు... పనెవరు చూపిస్తారు?

మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరిన అమ్మాయికి మొదటిరోజు ఏం జరుగుతుంది? జాయినింగ్ రిపోర్టు తీసుకుంటారు. ఓ కుర్చీ చూపించి 'ఇదేనమ్మా నీ సీటు' అంటారు. బల్లమీద అంతకుముందున్నవాళ్లు వదిలేసి వెళ్లిన ఫైళ్ల కట్ట. అంతే! వచ్చిన తపాలును ఏ రిజిస్టరులో ఎక్కించాలో, నోట్‌ఫైలు ఎలా మొదలెట్టాలో చెప్పే మనిషి దొరకడం ఆమె అదృష్టం.

కారుణ్య నియామకమైతే మరీ కష్టం. తండ్రి పోయిన దుఃఖం ఆరకముందే ఆయన శాఖలోనే పనిచేయాలి. అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకు. అడక్కపోతే ఫైలు కదలదు. అది ఏ వితంతు పింఛను ఫైలో అయితే, కాళ్లరిగేలా తిరిగేది ఓ పేదరాలు.

పెద్ద ఉద్యోగాలకు ఈ చిక్కు లేదు. ఐఏఎస్‌కు ఎంపికైనవారు ముస్సోరీలో పాఠాలయ్యాక దాదాపు ఏడాదిపాటు జిల్లాలో కలెక్టరు దగ్గర పని నేర్చుకుంటారు. పక్కనుండి నేర్పించాలన్న సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. అది గుమాస్తా బల్ల దాకా రాలేదు, అంతే.

కింది ఉద్యోగులకు డిపార్టుమెంటు పరీక్షలున్నాయి. 2020లో కేంద్రం 'మిషన్ కర్మయోగి'ని ఆమోదించాక ఆన్‌లైన్ పాఠాలూ వచ్చాయి. మంచిదే. కానీ పాఠం నిబంధన చెబుతుంది. కౌంటరు దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటున్న ముసలమ్మకు ఆ నిబంధనను ఎలా వివరించాలో పక్క సీటు సీనియరే చెప్పాలి.

ఆ సీనియరే లేకపోతే? 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షమందికి పైగా యువత ఒక్కసారే ఉద్యోగాల్లోకి వచ్చారు. చాలాచోట్ల పక్క కుర్చీలోనూ కొత్తవాళ్లే! మరోపక్క అనుభవజ్ఞులు వెళ్లిపోతున్నారు. పదవీ విరమణ వయసును 2021లో తెలంగాణ 61కి, 2022లో ఆంధ్రప్రదేశ్ 62కి పెంచడంతో కొన్నాళ్లు ఆగిన రిటైర్మెంట్లు 2024 నుంచి మళ్లీ మొదలయ్యాయి.

మరేం చేయాలి? పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కొత్త ఉద్యోగికి ఆర్నెల్లపాటు ఒక సీనియర్‌ను జత చేస్తే చాలు. ఆ సీనియర్ పనితీరు నివేదిక రాసే అధికారి కాకూడదు. 'ఇది నాకు తెలీదండీ' అని తన మార్కులు వేసే మనిషితో ఎవరంటారు? వారానికో గంట ఇద్దరికీ కేటాయించాలి. మొదటి నెలంతా పరిష్కారమైపోయిన పాత ఫైళ్లే చదివించాలి. నేర్పే మనిషికి ఆ మేరకు పని తగ్గించాలి. లేదంటే ఇదీ మరో అదనపు డ్యూటీ అవుతుంది.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. మీ ఇంట్లో కొత్త ఉద్యోగి ఉంటే ఓ నోటుపుస్తకం కొనివ్వండి. రోజూ తెలియని ఒక్క విషయం అడిగి అందులో రాసుకోమనండి. త్వరలో రిటైరయ్యే నాన్నగారుంటే, పక్క సీటు కుర్రాడికి రోజూ పది నిమిషాలు కేటాయించమనండి. వీడ్కోలు సభలో శాలువా ఎలాగూ కప్పుతారు. ముప్పై ఏళ్ల అనుభవం మాత్రం ఆ శాలువాతోపాటు ఇంటికి వచ్చేయకూడదు కదా!