కొత్త పోలీసు ఏం నేర్చుకుంటాడు?

పోలీసు సీరియల్ మీద రివ్యూ రాయడం ఈమధ్య బాగా తేలికైపోయింది. నచ్చితే ‘పాత్రలు మనుషుల్లా ఉన్నాయి’ అంటే సరిపోతుంది. నచ్చకపోతే ‘కాపగాండా’, అంటే పోలీసుల తరఫు ప్రచారం, అని ఒక ముద్ర వేస్తే సరిపోతుంది. అమెరికన్ సీరియల్ ‘ది రూకీ’ గురించి నేను చదివిన రివ్యూల్లో ఎక్కువ భాగం ఈ రెండు డబ్బాల్లో ఏదో ఒకదాన్లో సర్దుకుంటాయి. నా ఫిర్యాదు ఇద్దరి మీదా ఉంది. పోలీసు మంచివాడా కాదా అన్నదే ఇద్దరూ చూస్తున్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి కథలో చూడాల్సింది వాడి మంచితనం కాదు, వాడు ఏం నేర్చుకుంటున్నాడన్నది.

‘ది రూకీ’ 2018 అక్టోబరులో ఏబీసీ చానల్లో మొదలైంది. నలభై దాటిన జాన్ నోలన్ ఇళ్ళు కట్టే పని వదిలేసి లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో చేరతాడు. ఆ పాత్ర వేసింది నేథన్ ఫిలియన్. అప్పట్లో విమర్శకులు అన్నదాని సారాంశం: ఫిలియన్ చలాకీగా ఉన్నాడు, కథ మాత్రం పాత మూసే. నిజమే. కానీ ఆ మూస ఎలా పనిచేస్తుందో చెప్పే ఓపిక చాలామందికి లేకపోయింది. కొత్తవాడికి ఏమీ తెలియదు, చూసే మనకీ తెలియదు. ట్రెయినింగ్ ఆఫీసర్ వాడికి చెప్పే పాఠం మనకి కూడా పాఠమే. వాడు పరీక్ష గట్టెక్కితే మనం హమ్మయ్య అనుకుంటాం. ఆ పరీక్ష సరైనదేనా అని అడగాలని కూడా తోచదు. ఈ తరహా కథకి ఉన్న అసలు బలం ఇదే. ప్రమాదమూ ఇదే.

ఆ ప్రమాదం ఎంతదో 2020 మే 25న మినియాపొలిస్‌లో తెలిసింది. జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన డెరెక్ షావిన్ పేరు అందరికీ గుర్తుంది. పక్కనే ఉన్న థామస్ లేన్, అలెగ్జాండర్ కింగ్ అనే ఇద్దరు పోలీసులు డ్యూటీలో చేరి వారం కూడా కాలేదన్నది అంతగా గుర్తుండదు. కింగ్‌కి ట్రెయినింగ్ ఆఫీసర్‌గా ఉన్నది షావినే. ఫ్లాయిడ్‌ని పక్కకి తిప్పుదామా అని లేన్ అడిగాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. సీనియర్ వద్దన్నాడు. లేన్ కాళ్ళు పట్టుకునే ఉన్నాడు. 2022లో ఫెడరల్ కోర్టు లేన్‌కి రెండున్నరేళ్ళు, కింగ్‌కి మూడేళ్ళు జైలుశిక్ష వేసింది.

ఒక కొత్తవాడు, ఒక గురువు, ఒక ప్రశ్న. ‘రూకీ’ తరహా కథకి కావాల్సినవన్నీ అక్కడ ఉన్నాయి. లేన్‌కి ప్రశ్న తట్టకపోలేదు. తట్టింది, అడిగాడు, ‘వద్దు’ అనగానే ఆగిపోయాడు. భయపెట్టేది అదే.

ఆ తర్వాత 2021 జనవరిలో వచ్చిన మూడో సీజన్‌లో సీరియల్ దీనికి జవాబు చెప్పబోయింది. జాక్సన్ వెస్ట్ అనే నల్లజాతి కుర్రాడికి డగ్ స్టాంటన్ అనే జాత్యహంకారి ట్రెయినింగ్ ఆఫీసర్‌గా వస్తాడు. శాఖలోపల ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో కొంత చూపించారు, కాదనను. చివరికి స్టాంటన్ బండారం బయటపడుతుంది, పీడ విరగడవుతుంది. విమర్శకులు మళ్ళీ రెండు జట్లయ్యారు. ప్రయత్నం నిజాయితీగా ఉందని కొందరు, పైపూత అని కొందరు. అసలు అడగాల్సింది వేరే ఉంది: చెడ్డ గురువుని తీసేస్తే పాఠం మారిందా? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక ఫైల్లో తప్పు లైను తీసేసి టికెట్ క్లోజ్ చేశారు. ఆ లైను ప్రతి కొత్త ఫైల్లోకీ టెంప్లేట్ నుంచే వస్తోందని ఎవరూ చూడలేదు.

చూపించడం చేతకాక కాదు. 2023లో బీబీసీలో మొదలైన ‘బ్లూ లైట్స్’ చూడండి. బెల్‌ఫాస్ట్‌లో ముగ్గురు కొత్త పోలీసుల కథ. రాసిన డెక్లాన్ లాన్, ఆడమ్ పాటర్సన్ ఇద్దరూ ఒకప్పటి జర్నలిస్టులు. అందులో గ్రేస్ చాలాకాలం సోషల్ వర్కర్‌గా చేసి వచ్చిన మనిషి, సాయం చేద్దామనే ఆశతో చేరుతుంది. ఆవిడ నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి: ఊళ్ళో కొన్ని చోట్లకి పోలీసులు వెళ్ళకూడదు. గూఢచార సంస్థకి అక్కడ వేరే లెక్కలుంటాయి. ఎందుకని అడిగితే జవాబు రాదు. పక్కవాళ్ళంతా మంచివాళ్ళే, జోకులేస్తారు, అన్నం పంచుకుంటారు, ఆ గీత దాటొద్దని కూడా వాళ్ళే చెప్తారు. మంచి మనుషుల చేతుల మీదుగానే ఆ పాఠం అందుతుంది.

దీన్ని కూడా రివ్యూలు ఎక్కువగా ‘ఆప్యాయత, హాస్యం, ఉత్కంఠ’ అని మెచ్చుకుని వదిలేశాయి. 2025లో ఉత్తమ డ్రామా సీరీస్‌గా బాఫ్టా కూడా వచ్చింది. సంతోషమే. కానీ నోలన్‌ని మెచ్చుకున్న మాటలతోనే గ్రేస్‌నీ మెచ్చుకుంటే ఆ రెండు సీరియల్స్‌కీ తేడా ఏమిటో చదివేవాడికి ఎలా తెలుస్తుంది? ‘కాపగాండా’ ముద్ర చేతిలో పట్టుకుని తిరిగేవాళ్ళూ అంతే. యూనిఫాం కనిపిస్తే చాలు, గుద్దేస్తారు. 2020 జనవరిలో ‘కలర్ ఆఫ్ చేంజ్’ సంస్థ 26 క్రైమ్ సీరియల్స్ మీద ఇచ్చిన రిపోర్టు ఇంతకంటే ఓపికగా చదివింది. కథలో ‘మన’ పోలీసులు చేసే తప్పులు మామూలు పనిలా ఎలా కనిపిస్తాయో విప్పి చూపించింది. ముద్ర కంటే ఆ పద్ధతి మనకి ఉపయోగం.

‘కాలక్షేపానికి చూసేదానికి ఇంత దేనికండీ’ అంటారు. కాలక్షేపానికి చూసేదే కాబట్టి! పాఠమని తెలిస్తే జాగ్రత్తపడతాం, కాలక్షేపమనుకుంటే తలుపు తీసిపెడతాం. పైగా మన తెలుగు తెర మీద పోలీసు దాదాపుగా అన్నీ నేర్చుకునే దిగుతాడు. ఆ విద్య వాడికి ఎవరు నేర్పారో మనం చూడం. అందుకే మన రివ్యూల్లో కూడా వాడు నిజాయితీపరుడా, లంచగొండా అన్న ఒక్క ప్రశ్నే తిరుగుతుంటుంది.

ఈసారి ఇలాంటి సీరియల్ మీద రాసేవాళ్ళు పాత్రల ఆప్యాయతకి ఒక్క వాక్యం తగ్గించండి. కొత్తవాడు ‘ఎందుకు?’ అని చివరిసారి అడిగింది ఏ ఎపిసోడ్‌లోనో చెప్పండి. ఆ తర్వాత కూడా వాణ్ణి సీరియల్ మెచ్చుకుంటోందా, లేక వాడి గురించి బెంగపడుతోందా, అదీ చెప్పండి. మిగతాది మేం చూసుకుంటాం.